మొలతాడు కొలత

పోశన్నను పెట్రోలు దొంగ అని ఎవరూ మొహం మీద అనలేదు. అని ఉంటే బాగుండేది. 'కాదు' అనడానికైనా ముందు ఒక మాటంటూ ఉండాలి కదా.

పోశన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లు అయినా ఊళ్లో వాళ్లకు మాత్రం దుబాయి పోశన్నే. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అరాద్‌లో ఉండే ముసలాయన. పెద్ద కొడుకు పేరు మీద అందరూ ఆయన్ను అబూ జాసిం అంటారు. పోశన్న 'బాబా' అంటాడు. కట్టడాల దగ్గరికి జనరేటర్లు, నీటి పంపులు కిరాయికి పంపడం ఆయన వ్యాపారం. ఆ బరువులన్నీ పెద్ద పికప్ బండిలో చేరవేయడం పోశన్న డ్యూటీ. అరబ్బుల నోట 'ప' పలకదు. అందుకని పదకొండేళ్లుగా అతను బోషన్. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరైనా సరిగ్గా పోశన్నా అని పిలిస్తేనే వెనక్కి తిరగడానికి కాస్త ఆలస్యమవుతుంది.

వాళ్లిద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. ట్యాంకు అయిపోయి మళ్లీ నింపిన రోజు ముసలాయన ఫోన్ చేసేవాడు.

"బోషన్, కమ్?"

కమ్ అంటే ఎంత అని. నిండు ట్యాంకు మీద బండి ఎంత దూరం నడిచిందో పోశన్న చెప్పాలి.

"ఆరువందలు బాబా."

"జైన్." బాగుంది, అంతే. ఫోన్ పెట్టేసేవాడు. ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు. పదకొండేళ్లలో ముసలాయన వచ్చి మీటరు చూసింది లేదు. పోశన్న నోరే మీటరు.

ఈ మధ్య కొడుకు జాసింకు బండి మీద ప్రేమ పుట్టింది. వచ్చే చలికాలంలో దోస్తులతో ఎడారికి పోవడానికి దాన్ని సల్మాబాద్ గ్యారేజీకి తోలి, జానెడు పైకి లేపించి, నడుమంత ఎత్తు టైర్లు వేయించి, నెత్తిన ఇనుప చట్రం, దానిమీద నాలుగు లైట్లు పెట్టించాడు. బండి పెళ్లికొడుకులా తయారైంది. ఎక్కాలంటే మాత్రం పోశన్న ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో దేవుణ్ణి పట్టుకోవాల్సి వచ్చేది.

ఎండలు ముదిరాక ఒక రోజు ముసలాయన అలవాటుగా అడిగాడు. "బోషన్, కమ్?"

"నాలుగు వందలు బాబా."

అవతల ఫోన్ పెట్టేశారు. 'జైన్' రాలేదు. తర్వాతి సారి ఫోనే రాలేదు, జాసిం నుంచి మెసేజీ వచ్చింది: మీటరు ఫోటో తీసి పంపు.

పోశన్న ఫోటో తీసి పంపాడు. పంపాక బండిలోనే కూర్చుని ఆ ఫోటోను తనే నాలుగుసార్లు చూసుకున్నాడు. ఎవరో తన నోట్లో వేలుపెట్టి పళ్లు లెక్కబెట్టినట్టు అనిపించింది. వచ్చే నెల వీసా రెన్యువల్ ఉంది. కానీ నిజం చెప్పాలంటే అతన్ని తొలిచింది వీసా కాదు, రాకుండా పోయిన ఆ 'జైన్'.

అది చాలదన్నట్టు ఎనభై దాటకూడని రోడ్డు మీద స్పీడు కెమెరా ఒకటి పట్టేసింది. జాసిం ఫోన్ చాచి చూపించాడు. "తొంభై ఆరులో పోయినవు భాయ్."

"కసం భాయ్, ముల్లు ఎనభై దాటలే. నేను సూస్తనే ఉన్న."

"కెమెరా అబద్ధం చెప్తదా?"

అంటే ఎవరు చెప్తున్నట్టు? పోశన్న తల దించుకుని వచ్చేశాడు.

ఆ శుక్రవారం పనివాళ్లుండే క్యాంపు మెట్ల మీద కూర్చుని ఉండగా తట్టింది. బహ్రెయిన్ రాకముందు అతను మెట్‌పల్లి బస్టాండు వెనక సైకిల్ షాపులో పనిచేశాడు. అక్కడ పిల్లల చిన్న సైకిళ్లు, పెద్ద సైకిళ్లు గంటల లెక్కన కిరాయికిచ్చేవాళ్లు. చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది, పోయే దూరం తక్కువ. పెద్ద చక్రం తాపీగా తిరుగుతుంది, పోయే దూరం ఎక్కువ. బండిలోని మీటరు చూసేది రోడ్డును కాదు కదా, చక్రం తిరుగుడును! దానికి పాత చక్రమే గుర్తు. కొత్తది వేశారని దానికెవరు చెప్పారు?

లేచి చెప్పులేసుకుని సల్మాబాద్ గ్యారేజీకి నడిచాడు. అక్కడి మేస్త్రీ బుల్లిరాజుది పాలకొల్లు. పికప్ నుంచి ఊడదీసిన పాత టైరును స్టూలుగా వేసుకుని టీ తాగుతున్నాడు. జాసిం సర్వీసింగుకని వదిలిన బండి పక్కనే ఉంది.

"బుల్లిరాజూ, లెవ్వు. టైరు కొలవాలె."

"నా కుర్చీ మీద పడ్డారేంటండీ బాబూ? టేపు కావాలంటే లోపల ఎక్కడో ఉంది. అదీ ఇనపదే, గుండ్రంగా వంగి చావదు. దారం లాంటిదేదన్నా ఉంటే..."

దారం. పోశన్న చొక్కా పైకెత్తి, అటూ ఇటూ చూసి, మొలతాడు ముడి విప్పాడు.

ఇక్కడొక సంగతి చెప్పుకోక తప్పదు. నెలనాళ్లుగా సరిగా తినక పోశన్న చిక్కిపోయాడు. బెల్టు బకిలు ఎప్పుడో విరిగింది. ప్యాంటు నడుము మీద నిలబడిందంటే ఆ మొలతాడు కింద మడిచి దోపడం వల్లే. తాడు చేతిలోకి రాగానే ప్యాంటు తన దారి తాను చూసుకుంది. గ్యారేజీలో ఉన్న పాకిస్తానీ పెయింటరు మర్యాదగా గోడవైపు తిరిగాడు. బుల్లిరాజు మర్యాద చూపించలేదు.

"ఇదేం పూజండీ పోశన్న గారూ! టైరుకి మొలతాడు కడతారా మీ వైపు?"

"నవ్వుతె నవ్వు గని, ఆ కొసన పట్టు."

ఎడమ చేత్తో ప్యాంటు, కుడి చేత్తో తాడు. పాత టైరు చుట్టూ తాడు జరుపుతూ, ముడి దగ్గర సుద్దతో గీత గీస్తూ, జానలతో లెక్కబెట్టాడు. పది జానలు. తర్వాత బండి దగ్గరకు పోయి కొత్త టైరు చుట్టూ జరిపాడు. పన్నెండు. నమ్మలేక మళ్లీ కొలిచాడు. పన్నెండే.

బుల్లిరాజు నవ్వు ఆగిపోయింది. "అంటే మీటరు పది అన్నప్పుడల్లా మీరు పన్నెండు నడిపారన్నమాట. ఎనభై చూపిస్తే తొంభై ఆరు. నాలుగు వందలు చూపిస్తే నాలుగు వందల ఎనభై. పైగా ఈ టైర్ల బరువు, నెత్తిన ఆ చట్రానికి తగిలే గాలి, అవీ పెట్రోలు తాగుతాయండీ. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. ఓనరు కొడుకు ముచ్చట కదా అని."

"ఆరువందలకు ఇంక నూటిరవై తక్కువ ఉన్నయి."

"అంతా చట్రమే తాగిందనండి. ఎవరొచ్చి కొలుస్తారు?"

పోశన్న మొలతాడు మళ్లీ కట్టుకున్నాడు. ఆ తక్కువలో కొంత ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు.

సాయంత్రం వీడియోలో ఊరి నుంచి భార్య చిన్నవ్వ. సంతోషం పట్టలేక జరిగిందంతా చెప్పాడు. చిన్నవ్వ మొహం నల్లబడింది.

"మొలతాడు ఇప్పినవా? పెండ్లాం సచ్చినోనికి గదా తెంపుతరు. నేనింక బతికే ఉన్న!"

"తెంపలేనే, ఇప్పిన. మళ్ల కట్టుకున్న, సూడు."

"ముడి గట్టిగ ఉన్నదా?" అని, ఫోన్‌కు దగ్గరగా వచ్చి అడిగింది. "మరి ఆ ముసలాయనకు అంతా చెప్తవా? అంతా?"

అంతా అంటే ఏమిటో ఆమెకు తెలుసు. మధ్యాహ్నాలు అతను ఎక్కడినుంచి మాట్లాడేవాడో ఆమె చూసింది కదా.

మర్నాడు అరాద్‌లో ఇంటి ముందు, తండ్రీకొడుకుల ఎదుట, పోశన్న వచ్చీరాని అరబ్బీలో, హిందీలో, చేతులతో, జానలతో చెప్పాడు. మొలతాడు సంగతి మాత్రం చెప్పలేదు, దారం అన్నాడు. జాసిం ఫోన్‌లో ఏదో వెతికాడు. వెతుకుతూ చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే యాబా," అన్నాడు మెల్లగా తండ్రితో.

ముసలాయన తలూపాడు. "ఖలాస్ బోషన్." అయిపోయింది, ఇక వదిలెయ్ అని.

అక్కడితో అయిపోవాలి. బుల్లిరాజైతే సలాం కొట్టి తిరిగొచ్చేవాడు. పోశన్న కాళ్లు కదల్లేదు.

"ఇంక ఉన్నది బాబా. ఎండకాలం పన్నెండు నుంచి నాలుగు దాక సైటుల పని బంద్. సామాన్ దింపనియ్యరు. ఆ నాలుగు గంటలు నేను బండిలనే ఏసీ పెట్టుకొని పండుకుంటున్న. ఇంజను నడుస్తనే ఉంటది. ఆ పెట్రోలు... నాదే."

జాసిం తల ఎత్తాడు. దొరికాడన్న వెలుగు ఒక్క క్షణం కళ్లలో మెరిసింది. ముసలాయన మాత్రం చాలా నెమ్మదిగా అడిగాడు.

"పోయిన ఏడు ఎండలప్పుడు ఎక్కడ పండుకున్నవు?"

"మన గోదాం షెడ్డు కింద. నీడకు బండి పెట్టి, అద్దాలు దింపి."

"ఈ ఏడు?"

చెప్పడమంటే కొడుకు మీద తండ్రికి చాడీ చెప్పడం. పోశన్న చూపు మాత్రం అనుకోకుండా బండి నెత్తి మీదికి పోయింది. ఇనుప చట్రం మీద కుడివైపు లైటు పగిలి ఉంది, పక్కన షెడ్డు రేకు గీరిన నీలం గీత. ముసలాయన ఆ గీతను చూశాడు. తర్వాత కొడుకును చూశాడు.

"జాసిం. తాళం తీసుకో. పోయి షెడ్డు కింద పెట్టి రా."

జాసిం తాళం తీసుకోలేదు. నేల చూశాడు.

ఆ వారంలోనే చట్రం దిగింది. టైర్లు దిగలేదు. కొడుకు ముచ్చటను మొత్తం చంపడం ముసలాయనకు కూడా ఇష్టం లేనట్టుంది. చట్రం పోయాక బండి షెడ్డు కింద తల వంచకుండానే పట్టింది. వీసా మాట ఎవరూ ఎత్తలేదు. పోశన్న కూడా ఎత్తలేదు.

తర్వాతి సారి ట్యాంకు నింపిన రోజు, అలవాటు కొద్దీ మీటరు ఫోటో తీసి పంపబోతుండగా ఫోన్ మోగింది.

"బోషన్, కమ్?"

పోశన్న మీటరు వైపు చూశాడు. "మీటరుల నాలుగు వందల యాభై బాబా."

"మీటరును అడగలేదు. నిన్ను అడిగిన."

పోశన్న ఎడమ చెయ్యి చొక్కా కింద ముడి మీదికి పోయింది. పెదాలు కదులుతూ లెక్కగట్టాడు. పదికి పన్నెండు.

"ఐదువందల నలభై."

"జైన్," అన్నాడు ముసలాయన.