సముద్రం వైపు గదిలో మామిడికాయ పప్పు

మా వదిన సోములమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా ఆమె గురించి ఉన్నదున్నట్టు రాయగలనన్న నమ్మకం నాకే లేదు. ఆమెను చూసి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నంతగా మా పనసపుట్టులో ఇంకెవరూ పోసుకోలేదు. అయినా రాస్తున్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఈ ఒక్క పనిలోనైనా నాకంటే ముందుండలేదు.

సోములమ్మ మా అన్న భార్య. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, ముక్కుకు మూడు పుడకలు, నవ్విందంటే చిగుళ్ళు బయటపడతాయి. అందగత్తె అని ఎవరూ అనరు. కానీ కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆమె బుట్టలో ఒక్క పచ్చికాయ కనిపించదు. నా బుట్టనైతే కొనేవాడు సగం తిరగబోయించి మళ్ళీ ఏరిస్తాడు. పదో తరగతి ప్యాసై, ఊళ్ళో అంగన్‌వాడీ నడిపే నన్ను చీటీ రాయించుకోవడానికి తప్ప ఎవరూ వెతుక్కుంటూ రారు. ఆమె గడపలో మాత్రం పొద్దుట్నించీ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

అసలు మంటంతా ధింసా దగ్గర. ధింసాలో ఆడవాళ్ళం వరసగా నిలబడి, ఒకరి నడుం వెనకగా ఒకరం చేతులు కలుపుకుని ఆడతాం. అందరి చేతులూ కట్టుబడి ఉంటాయి. కుడి కొసన నిలబడిన మనిషికి మాత్రం ఒక చెయ్యి ఖాళీ. ఆ చేతిలో నెమలీకల కట్ట ఉంటుంది. ఆమె అడుగు ఎటైతే వరసంతా అటే. మా ఊళ్ళో కొస మనిషి సోములమ్మ, ఆమె పక్కన రెండో మనిషిని నేను. పదిహేనేళ్ళు ఆమె నడుం పట్టుకునే ఆడాను. 1996లో ఎవరో వచ్చి ఫోటో తీసి క్యాలెండర్ వేశారు. అందులో ఆమె మొహం నిండుగా పడింది, పక్కన నా మోచెయ్యి పడింది. ఆ క్యాలెండర్ తెచ్చి మా అంగన్‌వాడీ గోడకే తగిలించారు. ఏడాది పొడుగునా పిల్లలకు అన్నం పెడుతూ నా మోచేతిని నేను చూసుకున్నాను.

2004 ఫిబ్రవరి చివర మా జట్టుకు అండమాన్ నుంచి పిలుపు వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏదో ఉత్సవం, అక్కడ మేం ఆడాలి. అందరి పేర్లూ వయసులూ రాసి, ఫోటోలు అంటించి, కాగితాలన్నీ నింపింది నేను. సోములమ్మ వేలిముద్ర వేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. మమ్మల్ని తీసుకెళ్ళిన సర్వేశ్వరరావు మాస్టారు ఓడ ఎక్కేటప్పుడు "సోములమ్మా, జాగ్రత్త" అన్నారు. మిగతా పదకొండు మందికీ జాగ్రత్త లేకపోయినా పరవాలేదు కాబోలు.

ఓడలో మూడు రోజులూ ఆమెకు వాంతులే. నెత్తిన కట్టెల మోపుతో కొండ దిగే మనిషి నీళ్ళ మీద తలెత్తలేకపోయింది. నాకేమీ కాలేదు. ఆమె నోరు తుడుస్తూ, నీళ్ళు తాగిస్తూ, ఇన్నాళ్ళకు ఒక్క విషయంలో ఆమెకంటే నేను గట్టిదాన్నని లోలోపల సంబరపడ్డాను. రాయడానికి సిగ్గుగానే ఉంది గాని సంబరపడ్డ మాట నిజం.

హోటల్ సరిగ్గా సముద్రం ఒడ్డున ఉంది. మాకిచ్చిన గదుల్లో అన్నీ రోడ్డు వైపువి, ఒక్కటే సముద్రం వైపుది. ఆ తాళం మాస్టారు సోములమ్మ చేతిలో పెట్టారు. ఒంట్లో బాగోలేదు, గాలి తగలాలి అన్నారు. తోడుగా నన్ను వేశారు. సముద్రం ఆమెది, చాకిరీ నాది.

అలాంటి గది నేను ఎప్పుడూ చూడలేదు. రెండు మంచాలు, తెల్లటి దుప్పట్లు, తిప్పితే వేడినీళ్ళొచ్చే కుళాయి, నిలువెత్తు అద్దం. బాల్కనీలో నిలబడితే కొబ్బరి చెట్ల సందుల్లోంచి నీళ్ళు ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా కనిపించాయి. మళ్ళీ బతుకులో ఇలాంటి చోట ఉండనని నాకు తెలుసు. తెలిసీ మనసారా చూడలేకపోయాను. కిటికీ పక్క మంచం ఆమెకు వచ్చిందన్న బాధతోనే సరిపోయింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు గదికి వచ్చి ఆమె నుదురు పట్టుకు చూశారు, జ్వరం తగిలింది. తలుపు దగ్గర నాతో మెల్లగా, "సాయంత్రానికి లేవలేకపోతే కొసన నువ్వే నిలబడాలి, నిర్మలా" అన్నారు. నెమలీకల కట్ట నా చేతికిచ్చారు. ఆయన వెళ్ళగానే అద్దం ముందుకు పోయి దాన్ని ఎత్తి పట్టుకు చూసుకున్నాను. నాకు బాగుంది.

వెనక నుంచి సోములమ్మ పిలిచింది. "నిర్మలా, పుల్లగా ఏటైనా దొరుకుతాదేటో సూడవే. నోరు సచ్చిపోనాది."

వంటగదికి వెళ్ళాను. వంటమనిషి రామారావుది సోంపేట వైపట, వచ్చి పదేళ్ళయిందట. నా మాట వినగానే చేతిలో గరిటె కింద పెట్టేశాడు. "ఓలప్పా, మన పక్కోళ్ళా! పుల్లగా కావాలా? ఉండు, మా పెరట్లో మామిడికాయలు దిగినాయి. పప్పులో ఏసి బేగి ఒండేత్తాను" అన్నాడు.

ఇక్కడ మా ఆచారం చెప్పాలి. చైత్రంలో మా ఊరి దేవత నిశానికి తొలి మామిడికాయ పెట్టి, ఆ ముక్కను దిసారి, అంటే మా పూజారి, అందరికీ పంచుతాడు. దాన్ని కొత్త తినడం అంటాం. కొత్త తినేదాకా పచ్చి పిందె కూడా నోట పెట్టకూడదు. పెట్టినవాళ్ళు తప్పుకింద కోడినిచ్చి, ఆ పండగకు దేవత ముందు ధింసా ఆడకుండా పక్కన కూర్చోవాలి. కొత్తకు ఇంకా నెల పైనే ఉంది.

ఆ మాట రామారావుతో చెప్పి చింతపండు వెయ్యమంటే ఒక్క నిమిషం పని. నేను చెప్పలేదు. "ముక్కలు కనపడకుండా బాగా మెదిపెయ్, అన్నయ్యా. జొరం మనిషి" అన్నాను. పండగకు ఊరంతా చూస్తుండగా సోములమ్మ పక్కన కూర్చోవడం, కట్ట నా చేతికి రావడం ఆ వంటగదిలోనే నా కళ్ళకు కట్టింది.

పప్పన్నం కలిపి ఇస్తే ఆమె మొదటి ముద్ద దగ్గరే ఆగింది. "ఈ పులుపేటే?"

"సింతపండే వదినా. ఇక్కడ సింతపండు ఇలాగే ఉంతాదంట."

ఇంకా అనుమానంగా చూస్తోంది. నేను ఆ కంచంలోంచే ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుని నమిలి మింగాను. అప్పుడు తింది. మూడు రోజుల ఆకలి కదా, కంచం వేళ్ళతో తుడిచి మరీ తింది. తిని పడుకుని, మూడు గంటలకు లేచి, తల దువ్వుకుంది. "ఆ కట్ట ఇలాగియ్యే" అంది.

నేను పెట్టిన తిండే ఆమెను లేపింది. నా ఏడుపు ఎవరితో చెప్పుకోను? ఆ సాయంత్రం ఇసుక మీద వేసిన వేదిక ఎక్కి, పొద్దుటిదాకా మంచం దిగలేని మనిషి బాగ్ ధింసా, అంటే పులి ఆట, ఆడింది. పులి వచ్చిందని వరసను ఎడాపెడా తిప్పింది. వాళ్ళెవరికీ మా భాష రాదు, అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. నా మోచెయ్యి మళ్ళీ పడే ఉంటుంది.

తిరుగు ప్రయాణం రోజు హోటల్ గుమ్మం దగ్గర రామారావు ఒక సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తిన్నగా సోములమ్మ దగ్గరికే వచ్చాడు. "అప్పా, నాను ఒండిన పప్పుకే లేసి ఆడినావంట గదా! ఇవి ఆ సెట్టు కాయలే. ఓడలో నోటికి బాగుంతాది" అన్నాడు.

ఆమె సంచీ విప్పి చూసింది. పచ్చటి మామిడికాయలు. ఒకటి తీసి తొడిమ దగ్గర వాసన చూసింది. నా మొహం చూసింది. నేను సంచులు లెక్కపెడుతున్నట్టు నటించాను. "మంచోడివి, తమ్ముడూ" అని సంచీ తీసుకుంది. ఓడలో పక్కనున్న పిల్లల తల్లికి ఇచ్చేసింది. ఆ మూడు రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. ఈసారి వాంతులు నాకు పట్టుకున్నాయి. నా నోరు తుడిచింది కూడా ఆమే.

పండగకు నాలుగు రోజుల ముందు వరసలో ఎవరెవరు నిలబడేదీ తేల్చడానికి దిసారి సుక్రు ఊరిని పిలిచాడు. చెప్పాల్సిన మాటలు నేను మనసులో కూర్చి పెట్టుకున్నాను. మా వదిన పాపం తెలియక తింది అని మొదలుపెడదామనుకున్నాను. పాపం అన్న మాట చేరిస్తే వినేవాళ్ళకు నా మీద అనుమానం రాదు. సుక్రు ఎప్పటిలాగే అడిగాడు, "కొత్త తినకముందే మామిడి ముట్టినోళ్ళు ఎవులైనా ఉన్నారా?"

నేను లేవబోయాను. అప్పటికే సోములమ్మ లేచి నిలబడి ఉంది.

"నాను తిన్నాను. దీవిలో, జొరంలో."

ఊరు గుసగుసలాడింది. మా అన్న తల వంచుకున్నాడు. సుక్రు "ఎవులు పెట్టినారు?" అన్నాడు.

"నా సేత్తోనే తిన్నాను. ఎవులు పెడితే ఏటి?"

"నీ గదిలో నీ ఆడబడుచు ఉంది గదా. అది తిన్నాదా?"

తినడమే కాదు, తెలిసి పెట్టానని బయటపడితే నన్ను ఈ జన్మకు వరసలో నిలబడనివ్వరు. మా అన్న గడప తొక్కనివ్వడు. సోములమ్మ నా వైపు తిరగనైనా తిరగలేదు.

"నేదు. జొరం మనిషికి ఒండింది అదెందుకు తింతాది? కొసన దాన్ని నిలబెట్టండి. పదేనేళ్ళుగా నా అడుగు దానికి తెలుసు."

పండగనాడు నేను కొసన నిలబడ్డాను. నెమలీకల కట్ట నా చేతిలో ఉంది, వరసంతా నా అడుగుకే తిరిగింది. పదిహేనేళ్ళు కోరుకున్నది అదే. నిశాని గుడి ముందు, మామిడి తిన్న నోటితో, ఆడకూడని నేను ఆడాను. సోములమ్మ పసిపిల్లల తల్లుల మధ్య కూర్చుని తాళం వేసింది. నేను ఒకచోట అడుగు తడబడితే, కూర్చున్నచోటే నేల మీద చేత్తో కొట్టి నాకు గుర్తుచేసింది.

ఆట అయ్యాక సుక్రు కొత్త ముక్కలు పంచాడు. ఆమె తన వంతు ఆకులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులోంచి ఒక ముక్క తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"సింతపండు కాదులే. మామిడే. తిను" అంది.

తిన్నాను. ఆ తర్వాత ఏడాది కట్ట తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పటికీ కొసన నేనే నిలబడుతున్నాను, ఏటేటా ఆ తొలి ముక్క ఆమే నా నోట్లో పెడుతోంది. తప్పు చేసింది నేనైతే, ఊరి ముందు లేచి నిలబడే ధైర్యం ఆమెకెందుకు వచ్చిందని ఈరోజుకీ నాకు కడుపుమంటే.