మామ విన్న ఒక్క చెయ్యి

హోసూరులో నేను చేసే ఉద్యోగం వినడం. చెప్తే నవ్వుతారు గానీ నిజం. గేర్‌బాక్సులు చేసే కంపెనీ మాది. బిగించడం పూర్తయిన ప్రతి పెట్టెనూ ఒక చిన్న గదిలో పెట్టి తిప్పుతారు. అది మూలుగుతోందా, గీపెడుతోందా, బుద్ధిగా తిరుగుతోందా అని పక్కన నిలబడి తేల్చేవాణ్ణి నేను. ఈ మధ్య ఒక యంత్రం కూడా వచ్చి గ్రాఫులు గీస్తోంది. యంత్రానికి అనుమానం వస్తే మాత్రం నన్నే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా ఇది పాసు, ఇది ఫెయిలు అని చెప్పీ చెప్పీ నా చెవుల మీద నాకు ఒక రకమైన భక్తి ఏర్పడింది. ఇంట్లో మా ఆవిడ నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకను అన్నది వేరే విషయం.

అలాంటి చెవుల్లో కొన్నేళ్ళ కింద స్పెయిన్ గిటారు పడింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు తన దగ్గరున్న రికార్డింగులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి, "మీ చెవులకు తగినవి సార్" అని ఇచ్చి పోయాడు. వాటికి పేర్లు లేవు. ఎవరు వాయించారో లేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలే.

మొదట్లో నాకు సంగీతం కంటే దాని చుట్టూ ఉన్న చప్పుళ్ళే నచ్చాయి. ఎడమచేతి వేళ్ళు మందపు తీగల మీద జారినప్పుడు వచ్చే సన్నని కిర్రు. కష్టమైన చోటుకు ముందు వాయించే మనిషి ముక్కుతో పీల్చే గాలి. ఎక్కడో కుర్చీ కాలు కదలడం. కంపెనీలో అయితే ఆ రికార్డింగును వెనక్కి పంపేవాణ్ణి. ఇంట్లో వాటికోసమే చెవులు రిక్కించేవాణ్ణి. మెల్లగా అసలు సంగీతం కూడా లోపలికి వచ్చింది. అదే తీగ, అదే స్వరం. గోటితో మీటితే ఒక రుచి, వేలి కండతో మీటితే ఇంకో రుచి. గిటారు స్వరం పుట్టిన క్షణం నుంచే ఆరిపోవడం మొదలుపెడుతుంది. వయొలిన్‌లాగా దాన్ని లాగి నిలబెట్టడానికి లేదు. అది ఆరిపోయేలోపే ఇంకో స్వరం దాని చేతుల్లోంచి మాట అందుకోవాలి. ఆ తొందరలో కూడా ఎక్కడా తొందర కనపడదు. కెలవరపల్లి డ్యామ్ కట్ట మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ ఎన్నో ఉదయాలు ఈ ఒక్క సంగతే విన్నాను.

అన్నింటిలోకీ నాకు ప్రాణం ఏడో నంబరు. కింద ఒక గిటారు నింపాదిగా మెట్లు దిగుతున్నట్టు నడుస్తుంది. పైన ఇంకొకటి, నాగలి వెనక గింజలు చల్లుకుంటూ పోయినట్టు, ఒకే స్వరాన్ని ఎడతెగకుండా రాలుస్తూ పోతుంది. కింద వాయించేవాడు అన్న, పైన వాయించేవాడు తమ్ముడు అని నేను తేల్చేశాను. అన్న నిదానస్తుడు, తమ్ముడు చలాకీ. వీడియోలు చూడకూడదని నాకొక నియమం. సంగీతానికి చెవులు చాలు, కళ్ళు దొంగవి అని అందరికీ చెప్పేవాణ్ణి.

చెప్పడానికి మనుషులు కావాలి కదా. ఆదివారం పొద్దున కంపెనీ మిత్రులు ముగ్గురిని ఇంటికి పిలిచి పాటలు పెట్టేవాణ్ణి. దానికి 'వినికిడి విందు' అని పేరు కూడా పెట్టాను. వాళ్ళు వినికిడి కోసం వచ్చేవాళ్ళో, మా ఆవిడ చేసే ఉప్పిట్టు విందు కోసం వచ్చేవాళ్ళో నేను విచారించలేదు. విచారిస్తే విచారమే మిగిలేది. ఏడో నంబరు మొదలవగానే చెయ్యెత్తి, "ఇదిగో, ఇక్కడ తమ్ముడు అన్న మాట వినడం లేదు చూడండి" అనేవాణ్ణి. వాళ్ళు ఉప్పిట్టు నములుతూ తలలూపేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారమే మా మామ వచ్చాడు. ఆయన నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. మనిషి ఒకడే, వరుసలు రెండు. ఉద్దనపల్లి దగ్గర రవ్వంత చేను, ఒక గొర్రెల మంద. పుట్టినప్పటినుంచీ మంద వెనకే నడిచినవాడు. వెంట ఆయన కొడుకు, అంటే మా బావ, వచ్చాడు. బావది కంపెనీలో షిఫ్టు పని. తండ్రీకొడుకులు బస్సులో మొదలుపెట్టిన తగువును మా గడప లోపలికి తెచ్చారు.

"నాయినకి చెవుడు వచ్చేసింది బావా" అన్నాడు బావ, కూర్చోకముందే. "రోడ్డేమో పెద్దగా చేసేసినారు. లారీలు యమదూతల మాదిరి వస్తాండాయి. ఈయన మందని తోలుకొని నడి రోడ్డు మీద పోతాండాడు. ఎనక నించి పిలిస్తే పలకడు. మంద అమ్మేద్దామంటే ఒప్పుకోడు."

"పిలిస్తే పలికేదానికి నేనేమన్నా ఫోనా?" అన్నాడు మామ. "నువ్వు పిలిచేది మంద అమ్మేదాని గురించే గదరా. అందుకే పలకలా."

"నువ్వు కంపెనీలో సౌండు చూసేవాడివి. నువ్వే చూసి చెప్పు బావా. నువ్వు చెప్తే నాయిన ఇంటాడు."

"ఇంటాననే గదరా నేనూ చెప్తాండేది!" అన్నాడు మామ. అందరూ నవ్వారు, బావ తప్ప.

మందంతా ఇప్పుడు నా నాలుక చివర నిలబడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినవాడు ఏం చెయ్యాలి? వెనక నిలబడి గుసగుసగా పిలవచ్చు. పక్క గదిలో చెంచా పడెయ్యచ్చు. చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మనచ్చు. నాకేమో ముగ్గురు మిత్రులు కూర్చుని ఉన్నారు, స్పీకర్లు వెచ్చగా ఉన్నాయి. నేను ఏడో నంబరు పెట్టాను.

"మామా, కండ్లు మూసుకొని ఇను. ఎంతమంది వాయిస్తాండారో చెప్పు. అంతే పరీక్ష."

మామ భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తువ్వాలు కింద ఆయన కుడిచెయ్యి సన్నగా కదులుతోంది. వయసు వణుకు అనుకున్నాను. పాట మొత్తం అయ్యాక కళ్ళు తెరిచాడు.

"ఒకడేనప్పా."

"సరిగా ఇను మామా."

"ఇన్నాను లే. ఒక్క చెయ్యే. బొటనేలు ఒక మాట చెప్తాంది, తక్కిన ఏళ్ళు ఇంకో మాట చెప్తాండాయి. ఊపిరి మాత్రం ఒకడిదే."

నేను నవ్వాను. మామూలుగా కాదు, తల వెనక్కి వేసి. "ఇద్దరిలో ఒకడు మామకి అందలేదు. సగం చెవి పోయినట్టే" అన్నాను. "ఫిఫ్టీ పర్సెంట్ రిజెక్షన్ సార్" అన్నాడు ఒక మిత్రుడు. మళ్ళీ నవ్వులు. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నవ్వలేదు. ఏదో అంది కూడా. నవ్వుల్లో నాకు వినపడలేదు.

మామ నా మొహం వైపు చూశాడు. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, "అట్లనా" అన్నాడు.

రెండు వారాలకు మందను కుందారపల్లి శుక్రవారం సంతకు తోలారు. సాయానికి అని నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళే మాట్లాడుకుంటాయి. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంత అన్నది వాళ్ళిద్దరికే తెలుస్తుంది. బావకు ఆ వేళ్ళ భాష రాదు. కాబట్టి తన మందను తానే బేరం పెట్టాల్సి వచ్చింది మామకు. నేను పక్కనే నిలబడ్డాను. తువ్వాలు గుడ్డ కదలడం తప్ప నాకేమీ తెలియలేదు. బేరం తెగాక మామ ముందు నడిచే పొట్టేలు మెడలోని గంట విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. దారి పొడుగునా అది జేబులో మోగుతూనే ఉంది.

ఆ తరవాత కొన్ని నెలలకు కృష్ణగిరిలో ఒక పెళ్ళికి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. ముహూర్తం అయింది, భోజనాల మొదటి పంక్తి ఇంకా లేవలేదు. పెళ్ళికూతురి స్నేహితురాలు ఒక అమ్మాయి గిటారు పట్టుకుని వేదిక ఎక్కింది. చిన్న ముక్కాలిపీట మీద ఎడమకాలు పెట్టుకుని, తీగలు సరిచూసుకుని, మొదలుపెట్టింది.

ఏడో నంబరు.

అన్న దిగుతున్నాడు, తమ్ముడు గింజలు చల్లుతున్నాడు. రెండో మనిషి కోసం వేదిక అంతా వెతికాను. పూల తెర వెనక్కి తొంగిచూశాను. చివరికి లేచి వెళ్ళి మైకుసెట్టు మనిషిని అరవంలో అడిగాను, ఇంకో గిటారు ఎక్కడని. అతను నన్నూ వేదికనూ మార్చి మార్చి చూసి, "ఒరే ఆళు దాన్ సార్" అన్నాడు. ఒక్క మనిషే.

అప్పుడు ఆ అమ్మాయి కుడిచెయ్యి చూశాను. బొటనవేలు విడిగా మందపు తీగల మీద నడుస్తోంది. తక్కిన మూడు వేళ్ళు ఒకదాని వెనక ఒకటి ఒకే తీగను మీటుతున్నాయి, ఎంత వేగంగా అంటే, ఆరిపోవాల్సిన స్వరానికి ఆరిపోయే తీరిక ఇవ్వకుండా. ఆ చేతి మీద ఒక తువ్వాలు కప్పితే కుందారపల్లి సంతే. ఇన్నేళ్ళు నేను కళ్ళు మూసుకుని విన్నదాన్ని మా మామ ఒళ్ళో తువ్వాలు కింద, వేలుకు వేలు, లెక్క కట్టుకుంటూ విన్నాడు. నేను దాన్ని వణుకు అనుకున్నాను.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ వేదిక మీది నుంచి చూపు తిప్పకుండానే అంది: "మా నాయిన చెప్పినాడు గదా, ఒకడేనని."

"ఆ పొద్దే నువ్వన్నా చెప్పకూడదా?"

"చెప్పినాను. వంటింటి కాడ నించి రెండు తూర్లు చెప్పినాను, నాయిన మాట రవ్వంత ఇను అని. నీకు ఇనపడలా."

పంక్తిలో ఏం వడ్డించారో నాకు గుర్తులేదు.

క్షమాపణకు కూడా నేను వీలు చూసుకునే వెళ్ళాను. బావకు పగటి షిఫ్టు ఉన్న రోజు, ఇంట్లో ఎవరూ లేని వేళ ఎంచుకుని ఉద్దనపల్లి బస్సెక్కాను. గొర్రెల దొడ్డిలో బావ బండి నిలిపే రేకుల షెడ్డు వేశారు. దాని గుంజకు మేకు కొట్టి పొట్టేలు గంట తగిలించి ఉంది. మామ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు.

"మామా, ఆ పాట... ఒకడేనంట" అన్నాను.

ఏ పాట అని ఆయన అడగలేదు. "ఒకడేనంట కాదు, ఒకడే" అన్నాడు.

"తప్పైపోయింది మామా. మళ్ళీ నాలుగు గొర్రెపిల్లల్ని తెద్దాం. నేనే..."

"గొర్రెల మాట అట్ల పెట్టు. ఆ పొద్దు ఎంతమంది ముందర నవ్వినావు?"

లెక్కపెట్టాను. మిత్రులు ముగ్గురు, బావ, మా ఆవిడ, మామ. "ఆర్గురు."

"నాకు చెప్పేదేముండాది, నాకు అప్పుడే తెల్సు. తక్కిన ఐదుగురికి చెప్పు."

ఆ ఆరుగురినీ ఒక గదిలో చేర్చడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక ఆదివారం కరెంటు లేదని, ఇంకోటి స్పీకరు సరిగా లేదని వాయిదా వేశాను. రెండూ బాగానే ఉన్నాయి. సరిగా లేనిది నేను. మూడో ఆదివారం అందరూ వచ్చారు. ఉప్పిట్టు కూడా వచ్చింది. నేను నిలబడి, కంపెనీలో పెట్టె ఫెయిలని చెప్పే గొంతుతోనే, మామ చెప్పిందే రైటని, నేను విన్నది తప్పని, గొర్రెలు పోయింది నా నవ్వు వల్లనని చెప్పాను. వినడం వచ్చు గానీ వినయం రాలేదు నాకు అని ఒక చమత్కారం ముందే తయారుచేసి పెట్టుకున్నాను. సమయానికి అది గొంతులోంచి రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

"మరి ఇన్నేండ్లు అన్నదమ్ములంటిరే సార్?" అన్నాడు ఒక మిత్రుడు. "తమ్ముడు అన్న మాట ఇనడం లేదంటిరే?"

"ఇననిది నేనే" అన్నాను.

బావ నేల చూస్తూ అన్నాడు: "నువ్వు చెప్పినావని మాత్రమే అమ్మలేదు బావా. ఆ లారీల భయం నాకు ముందు నించీ ఉండేదే. నువ్వు చెప్పినాక ధైర్యం వచ్చె, అంతే." నన్ను ఓదార్చాలనే అన్నాడు పాపం. ఆ మాట నా గుండెల్లో ఎక్కడ దిగిందో అతనికి తెలియదు.

"ఆ పాట పెట్టప్పా" అన్నాడు మామ. పెట్టాను. తువ్వాలు ఒళ్ళోకి దిగింది.

"రొంత తగ్గించు. అరుస్తాండాడు."

తగ్గించాను.

"నేను ఆ పొద్దే గట్టిగా చెప్పల్సింది" అన్నాడు, కళ్ళు మూసుకునే. "నువ్వు నవ్వేసరికి నాకే అనుమానం వచ్చె, నిజంగా చెవి పోయిందేమోనని. ఆ పొద్దు నించి ఎవురన్నా పిలిచినట్టుంటే, పిలిచినారా, నాకే అట్ల అనిపించిందా అని ఎనక్కి తిరిగి చూస్తాండాను. సంతలో మంద పోతా ఉంటే గూడా, ఆ గంట నిజంగా మోగతాందా అని జేబు తడుముకొని చూసుకొన్నాను."

గిటారు నడుస్తూనే ఉంది.

"ఇంకా రొంత తగ్గించప్పా."

ఇంకా తగ్గించాను. మామ ముఖం విప్పారింది. తువ్వాలు కింద వేళ్ళు పరుగెడుతున్నాయి. "ఆ, ఇదో, ఇప్పుడు గాలి పీల్చుకొన్నాడు. పాపం, ముసలోడు మాదిరి ఉండాడు. ఇన్నావా?"

నేను స్పీకరు వైపు వంగాను. ఒకప్పుడు ఆ గాలి కోసమే చెవులు రిక్కించిన నాకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మిత్రులు తలలూపుతున్నారు, బావ ఊపుతున్నాడు, గుమ్మంలో మా ఆవిడ కూడా. 'ఇన్నాను మామా' అన్న మాట నోటి దాకా వచ్చింది.

"నాకు ఇనపడలా మామా" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.