నాలుగో చందమామ

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఉద్యమం లేచిన ఏడాది, బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మేము ఊరేగింపుల వెంట తిరిగి, జై కొట్టి, గొంతులు పోగొట్టుకుని ఇంటికి చేరేవాళ్లం. చదువు అటకెక్కింది. మా బాపుకు అన్న, మా పెద్దబాపు, జనగామలో కిరాణా కొట్టు నడిపేవాడు. ఆయనకు ఆకాశమంటే పిచ్చి. తనలాంటి మరో ముగ్గురితో కలిసి సంఘం పెట్టి, అద్దాన్ని చేత్తో అరగదీసి దుర్బీను తయారు చేసుకున్నాడు. "బడి బందైతే ఆకాశం బందైతదా" అంటూ ఆ వేసవిలో దాన్ని గడ్డి పరిచిన ఎడ్లబండి మీద తరిగొప్పులకు, మా ఊరికి, తీసుకొచ్చాడు.

పొద్దుగూకగానే బడి ముందర జనం వరుస కట్టారు. చూపించేది గురుగ్రహాన్ని, దాని చుట్టూ తిరిగే చందమామలను. పెద్దవి నాలుగని పెద్దబాపు ముందే చెప్పాడు. మా ఇంటి దుర్బీను కదా, నాకు గర్వం తలకెక్కి ఉంది. నా వంతు వచ్చి కన్ను పెడితే చీకటి తప్ప ఏమీ లేదు. ముందువాళ్లంతా చూశామనే చెప్పారు. నేనూ "కనబడ్డది. నాలుగు సుక్కలు వరుసగ ఉన్నయి" అనేశాను. పక్కకు జరిగాక ఏడుపొచ్చింది. తెల్లారితే దుర్బీను మరో ఊరికి వెళ్లిపోతుంది, నేను చూడనే లేదు.

నా తర్వాత పక్కింటి అవ్వ. ఒక కన్ను పెట్టింది, రెండో కన్ను పెట్టింది. "నాకైతే ఏం కనబడ్తలేదు బిడ్డా. లోపలంత చీకటే ఉన్నది" అంది. ముసలి కళ్లు కదా అని ఎవరో నవ్వారు. పెద్దబాపు వంగి చూశాడు. గురుడు అందులో లేడు. మా ఊరివాళ్లకు గురుడంటే దేవుడు. చెప్పులు విడిచి వచ్చి, గొట్టాన్ని తాకి కళ్లకద్దుకుని మరీ చూశారు. ఎవరి భక్తికో గొట్టం కాస్త జరిగిపోయింది.

"తప్పు నాదే. ముట్టద్దని చెప్పకపోతిని" అన్నాడు పెద్దబాపు. "మొక్కేటోళ్లు గా పైన కనబడే గురునికే మొక్కున్రి. గొట్టాన్ని మాత్రం ముట్టకున్రి. చూడనోళ్లు ఎవరెవరో జర చేతులెత్తున్రి." అని, మా వైపు చూడకుండా గొట్టం సర్దుకోవడంలో పడ్డాడు.

అవ్వ చెయ్యి ఒక్కటే లేచింది. జై అంటూ పిడికిలి ఎత్తడం ఆ రోజుల్లో మాకు నీళ్లు తాగినంత తేలిక. ఆ సాయంత్రం మాత్రం నా చెయ్యి మణుగు బరువైంది. సిగ్గుతో చచ్చిపోతూనే ఎత్తాను. "నేను గూడ చూడలే పెద్దబాపు. అబద్ధం చెప్పిన."

"మంచిది బిడ్డా, అవ్వ ఎనక నిలబడు" అన్నాడు. అంతే. నిలబడి వెనక్కి చూస్తే ఊరి పట్వారీ చెయ్యి లేచి ఉంది. ఆయన వెనుక ఇంకా ఎన్నో చేతులు.

మళ్లీ నా వంతు వచ్చింది. తెల్లని బిళ్లలా గురుడు, పక్కన సన్నని చుక్కలు. లెక్కపెడితే మూడే. నాలుగోది ఆ పూట గురుడి వెనుక ఉందట. నేను నాలుగన్నప్పుడే పెద్దబాపుకు నా సంగతి తెలిసిపోయి ఉంటుంది. నలుగురిలో ఒక్క మాట అనలేదు. అంత ప్రేమ ఆయన మీద నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

పెద్దయ్యాక నేను లెక్కల టీచరునయ్యాను. పాఠం అయ్యాక అర్థమైందా అని పిల్లలను ఎప్పుడూ అడగలేదు, అర్థం కానివాళ్లు ఎవరని అడిగేదాన్ని. అడిగి, అటు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డునే మరోసారి తుడిచేదాన్ని. ఇప్పుడు మనవలకు లెక్కలు చెప్పేటప్పుడూ అంతే, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంటాను. మళ్లీ పెట్టుకునేసరికి ఒక చెయ్యి లేచి ఉంటుంది.