కడుపునొప్పి అని చెప్పినాను

గొర్రెలు కాసే రోజుల్లో బలసముద్రం ఊరి బయట చిరుతను చేతికర్రతో తరిమినానని పదిమందికీ చెప్పుకున్నాను. చిరుత కాదు, తోడేలు. తోడేలూ కాదులే, పక్క మంద కాపలా కుక్క. అంతటి ధైర్యస్థుణ్ణి, నా భార్యకు రొమ్ములో గడ్డ లేస్తే ఎవరడిగినా "కడుపునొప్పి" అన్నాను. పరువు పోతాదని, చెల్లెలికి కూడా చెప్పొద్దని ఆమె చేత నా తలమీద ఒట్టు వేయించుకున్నాను. రొమ్ము తీసేసినారు. మందులెక్కించినారు. జుట్టు రాలింది.

"జుట్టు రాలే కడుపునొప్పి యాడిదప్పా?" అని ఇప్పుడు సోలార్ కరెంటు ప్లాంటు గేటు దగ్గర నాతో కాపలా కాసేవాళ్లు నవ్వినారు. నేనూ నవ్వినాను.

మొన్న పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, క్యాన్సరు లివరుకు పాకింది, పూర్తిగా నయం కాదు, మందులతో కొంతకాలం అదుపులో పెడతామనింది. ఆమెను నిలదీసినానని గేటు దగ్గర గొప్పలు పోయినాను. నిలదీసిందేమీ లేదు. ఆ మాట వినంగానే నా మనసుకు మొదట తోచింది ఇది: అమ్మయ్య, ఇంక లివరని చెప్పుకోవచ్చు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

తోడబుట్టిన ఆడవాళ్లూ రొమ్ములు చూపించుకోవాలని కూడా డాక్టరమ్మ చెప్పింది. నా భార్యకు ఒకతే చెల్లెలు, హిందూపురంలో.

"ఒట్టు వేయించిందీ నువ్వే. తీసి గట్టున పెట్టేదీ నువ్వే. చెప్పు" అనింది నా భార్య.

మరదలితో నేనాడని సరసం లేదు. ఫోన్ చేసి, "మీ అక్కకు లివరు చెడింది. నువ్వూ ఒకసారి చూపించుకో" అన్నాను.

"నాకేమైంది బావా? నీ మాదిరి తాగుతానా?" నవ్వి పెట్టేసింది.

నా భార్య పచ్చబడిన కండ్లతో నన్నే చూస్తా ఉంది. "గొర్రె పొదుగు వాస్తే ఊరినంతా పిలిచి, చేత్తో పట్టి చూపిస్తివి. నాదైతే కడుపునొప్పి అంటివి. గొర్రె పాటి చెయ్యనా నేను?"

మళ్లీ ఫోన్ చేసినాను.

"జబ్బు మొదలైంది లివరులో కాదు. రొమ్ములో. పోయిన వానకాలం నుంచీ."

"మరి అక్క నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"చెప్పొద్దనింది నేనే" అన్నాను.

"అక్కకియ్యి ఫోను" అనింది మరదలు. బావా అనలేదు.

ఇచ్చి బయటికి పోబోయినాను. నా భార్య చెయ్యి పట్టి కూచోబెట్టింది. "ఎడమ పక్క, చంక దగ్గర" అని చెల్లెలికి చెబుతా ఉంది. "నొప్పుండదే. నొప్పి లేదని ఊరుకోవద్దు." తల వంచుకొని, ఆఖరి దాకా విన్నాను.