ఘర్‌గాడీకి కొత్త బ్యాటరీ

మా మావయ్య పోయారన్న కబురు నాకు ఆ మాటతో రాలేదు. పొద్దున్న నేను స్కూలుకి బయల్దేరే హడావిడిలో ఉండగా హాస్పిటల్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మావకి డ్యూటీ అయిపోనాదమ్మా. నువ్వోపాలి రా," అంది. గొంతులో ఏడుపు లేదు. డిశ్చార్జి చేశారేమోననుకుని, ఆటో మాట్లాడమంటావా అని అడిగాను. అత్త మళ్ళీ ఆ మాటే అంది. అప్పుడు తెలిసింది. సుద్దముక్కల డబ్బా చేతిలోనే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

ఆయన మా అమ్మకి అన్న. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి భిలాయి ప్లాంటులో క్రేన్ల కరెంటు పనిలో చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మా నాన్న చిన్న వయసులోనే పోతే అమ్మనీ నన్నూ ఇక్కడికి తెచ్చి తన క్వార్టరులోనే పెట్టుకున్నారు. వాళ్ళకి పిల్లల్లేరు. నన్ను కూతురిలా చూసుకున్నారని రాస్తే ఆయనకి నచ్చదు. "సూసుకోడమేటి, ఇంట్లో ఉన్నావు, తిన్నావు, సదువుకున్నావు," అనేవారు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన్ని ప్రార్థనాపరుడన్నారు. నిజమే గాని, ఆ ప్రార్థనల్లో సగం వ్యాను స్టార్టవ్వాలనే అని నాకూ అత్తకీ తెలుసు.

ఆ వ్యాను గురించి చెప్పకుండా మావయ్య గురించి చెప్పడం కుదరదు. వయసులో నాకంటే పెద్దది, పాత డీజిల్ బండి. ఎవరో తుక్కుకి వేసేస్తుంటే కొన్నారు. రెండు పక్కలా పడకల్లా రెండు బల్లలు బిగించారు. మధ్యలో గ్యాస్ పొయ్యికి అర, నీళ్ళ డబ్బాకి కుళాయి, ఆయన బల్ల మీద రైలుపెట్టెలో ఉండేలాంటి చిన్న ఫ్యాను, కిటికీలకి అత్త పాత చీరల కర్టెన్లు. మా క్వార్టరున్న రుఆబాంధాలో అందరూ దాన్ని ఘర్‌గాడీ అనేవారు, ఇల్లుబండి అని. వేసవి సెలవులిచ్చారంటే మావయ్య, అత్త, అమ్మ, నేను అందులో భీమిలి ప్రయాణం. దారిలో ఎక్కడ చీకటి పడితే అక్కడే వంట, అక్కడే పడక. ఇప్పటివాళ్ళు ఇదే పని చేసి వీడియోలు పెట్టి మురిసిపోతున్నారు. నాకైతే అప్పట్లో సిగ్గుగా ఉండేది. క్లాసులో అందరూ రైల్లో వాళ్ళ ఊరెళ్తుంటే మేము వంటగది వెంటేసుకుని వెళ్ళేవాళ్ళం.

బండికి బ్యాటరీ ఒక్కటే. ఇంజను తిప్పాల్సిందీ అదే, వెనకాల లైటూ ఫ్యానూ నడపాల్సిందీ అదే. అది ఉండే చోటు అత్త పడుకునే బల్ల కింద, సరిగ్గా తల దగ్గర. ఒక ఏడు ప్రయాణానికి ముందు అది పాడైతే మావయ్య ప్లాంటు బుద్ధితో ఆలోచించారు. అక్కడ దేనికైనా కావలసినదానికి రెట్టింపు బలం ఉండాలి. వెళ్ళి, ఇళ్ళల్లో ఇన్వర్టరుకి పెట్టే పెద్ద బ్యాటరీ మోయించుకొచ్చారు. తెల్లార్లూ ఫ్యాను తిరుగుతుందన్నారు. తీరా చూస్తే అది అరలో పట్టలేదు. బల్లకి కన్నం కోసి, పైకొచ్చిన ముక్క మీద దిండు వేశారు.

ఫ్యాను తిరిగింది, ఇంజను తిరగలేదు. ఆ రకం బ్యాటరీ మెల్లగా చాలాసేపు కరెంటు ఇస్తుంది గాని, డీజిల్ ఇంజను అడిగే ఒక్క ఊపు ఇవ్వలేదు. జీవితమంతా కరెంటుతో గడిపిన మనిషికి ఆ సంగతి బల్ల కోసేశాక గుర్తొచ్చింది. భీమిలి దాకా ప్రతి ఊళ్ళోనూ నేనూ అమ్మా బండి తోశాం. అత్త ఆ ఎత్తు మీద తల పెట్టుకుని, యాసిడ్ వాసనకి దగ్గుతూ పడుకునేది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. తరవాత ఎన్నో ఏళ్ళు ఈ మాట ఆయన నోట విన్నాను: "బేటరీని బలం సూసి కాదమ్మడూ, అది ఎవులి తల కింద ఉంటాదో సూసి కొనాల."

ఇక ట్యాగు సంగతి. ఆయన పనిచేసిన చోట ఒక నియమం ఉండేది. క్రేన్ మీద పనికెక్కే మనిషి ముందు దాని కరెంటు తీసేసి, తన పేరున్న ఎర్ర రేకు ట్యాగు అక్కడ వేలాడదీయాలి. వేలాడదీసినవాడే దాన్ని తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టకూడదు. మర్చిపోయి ఇంటికెళ్ళిపోతే మనిషిని పంపి పిలిపించేవారు. ఒక ఆదివారం మావయ్యని ఆరాధన మధ్యలోంచి అలాగే పట్టుకెళ్ళారు. ఆయన వెళ్ళి ట్యాగు తీసి, ఆశీర్వాదం వేళకి తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. మనిషి ఇక దొరకడని తేలినప్పుడు మాత్రం ఆ షిఫ్టుకి పెద్ద ఎవరో వాళ్ళే స్వయంగా వచ్చి, యంత్రం వైపు తిరిగి, అతన్ని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. కాసేపు ఆగాలి. లోపలెక్కడైనా ఉన్నాడేమో కదా. జవాబు రాకపోతేనే తియ్యాలి.

రిటైరైననాడు కప్పిన శాలువా ఎవరికిచ్చేశారో తెలియదు గాని, తన ట్యాగు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. మిక్సీ విప్పినా, గీజర్ విప్పినా ప్లగ్గుకి ఎర్ర ట్యాగు వేలాడేది. సగంలో వదిలేసి వేరే పనిలో పడిపోయేవారు. అత్త రోజుల తరబడి రోట్లో చట్నీ నూరుకునేది తప్ప దాన్ని ముట్టేది కాదు. నేను తీసేయబోతే ఊరుకునేది కాదు, అది మీ మావదే అనేది.

అత్త గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆవిడ ఆయన్ని ఎప్పుడూ పేరుతో అనలేదు. ఎదురుగా ఉంటే 'ఏవండీ', నా దగ్గర 'మీ మావ', బయట హిందీవాళ్ళ దగ్గర 'సాబ్'. ఆఫీసుల్లో భర్త పేరడిగితే నా వైపు చూసేది. ఆఖరిసారి ఆయన్ని హాస్పిటల్లో చేర్చినప్పుడు కూడా కిటికీ దగ్గర పేషెంటు పేరడిగితే, అంత కంగారులోనూ నా మోచెయ్యి పట్టుకుని ముందుకి నెట్టింది. నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, ఒక్కోసారి తిట్టు కూడా కలిపి. అది వినలేక అత్త పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

పోయిన వర్షాకాలం వెళ్ళేసరికే ఆయనకి ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. మధ్యాహ్నాలు ఇంట్లో ఉక్కగా ఉందంటూ వెళ్ళి వ్యానులో తన బల్ల మీద ఫ్యాను వేసుకుని పడుకునేవారు. ఒక రోజు తాళం తిప్పితే బండి కిక్కురుమనలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. మైనస్ తీగ ఊడదీసి దాని కొసకి ట్యాగు వేలాడదీశారు. బ్యాటరీ అర కొలతకి ఒక అట్టముక్క కత్తిరించుకుని, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని చంకలో పెట్టుకుని పవర్ హౌస్ అనే బజారుకి వెళ్ళేవారు. ఉత్తచేతుల్తో తిరిగొచ్చేవారు. పెళ్ళిచూపులా మావయ్యా ఇవి అని నేను ఏడిపిస్తే, తొందరేటి అనేవారు. తొందర ఉందని ఆయనకి తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు. చలికాలం మధ్యలో హాస్పిటల్లో చేరారు. అట్టముక్క బీరువా మీద ఉండిపోయింది.

రిటైరయ్యాక కూడా ప్లాంటు ఆయన పేరు మీదే అద్దెకి ఉంచిన క్వార్టరు, ఆయన పోయాక ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అమ్మ అంతకు కొన్నేళ్ళ ముందే పోయింది. మా ఇంట్లో ఉండమంటే అత్త వినలేదు. విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్తానంది. రైలు టికెట్టు తీస్తానన్నాను.

"నాను ఘర్‌గాడీలోనే ఎల్తాను," అంది. "ఆ రోజుకి అది కదల్లేదనుకో, కబాడీవాడికి ఇచ్చీ. నాను సూస్తుండగా మాత్రం ఇవ్వకు."

కబాడీవాడు, అంటే తుక్కు కొనేవాడు, అప్పటికే వచ్చి బండి చుట్టూ తిరిగి, తలుపుల మీద వేళ్ళతో కొట్టి చూసి వెళ్ళాడు. మావయ్య చేతుల్తో కట్టిన ఇల్లు అది. అందులో కూర్చుని వెళ్తేనే అత్తకి ఈ ఊరు వదలడం కుదురుతుంది. అది నాకు చెప్పకుండానే అర్థమైంది.

ఆదివారం అట్టముక్క పట్టుకుని పవర్ హౌస్‌లో ఆయన ఎక్కువగా వెళ్ళిన దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు ముందు అట్టని చూశాడు, తరవాత నన్ను. "అంకల్ నహీఁ ఆయే?" అని అడిగాడు, అంకుల్ రాలేదా అని. చెప్పాను. అతను ఫోనులో పాట ఆపేసి, తను కూర్చున్న స్టూలు నా వైపు జరిపాడు. వాళ్ళందరికీ ఆయన గత్తావాలే అంకల్ అట, అట్టముక్క అంకుల్. ఏ బ్యాటరీ చూపించినా ఏదో వంక పెట్టేవారట. ఒకదానికి ప్లస్ కొస అటువైపు ఉంది, బండి తీగ అందదు. ఒకటి పొడుగు, బల్లకి తగులుతుంది. ఒకటి తయారై చాలా నెలలైంది. కొలత కుదిరినవాటిని కూడా మూతల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి పక్కన పెట్టేసేవారట. ఎందుకంకల్ అని ఒకసారి అడిగాడట.

"మేడమ్ కా సిర్ వహాఁ రహతా హై, బోలే," అన్నాడు. మేడమ్ తల అక్కడుంటుందని.

ఇంట్లో మాకెవరికీ ఈ మాట చెప్పలేదాయన. నేను కాసేపు రోడ్డు మీద పోయే ఆటోల్ని చూస్తూ కూర్చున్నాను.

చివరికి అట్టకి సరిపోయినవి రెండు తేలాయి. ఒకటి పైన మూతలున్నది, మంచి బలమైనది. ఇంత చలిలో ఇన్నాళ్ళు నిలబడిపోయిన డీజిల్ ఇంజను లేవాలంటే ఇదే తీసుకోమన్నాడు దుకాణదారు. రెండోది పూర్తిగా మూసి ఉన్నది. దాని ఆవిరి చిన్న గొట్టంలోంచి బండి కిందకి, బయటికి పోతుంది. బలం తక్కువ, ఇంజను లేస్తుందని తను మాటివ్వలేనన్నాడు. నిజం చెప్పాడు పాపం. బండి లేవకపోతే తుక్కులోకే. బుర్ర మొదటిదాన్నే తీసుకోమంది. నా చెయ్యి మాత్రం మూసి ఉన్నదాని మీద పడింది. స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికొచ్చేదాకా భయమే. తప్పు చేశానేమో, ఆయన మాట పట్టుకుని ఆయన బండినే పోగొడుతున్నానేమో అని.

ఖాళీ చేసే రోజు పొద్దున్న సామాను ట్రక్కు వెళ్ళిపోయింది. మా ఆయన డీజిలు పోసి, టైర్లలో గాలి చూసి, స్టీరింగు ముందు కూర్చున్నారు. బ్యాటరీ అరలో అట్టముక్క కూర్చున్నట్టే కూర్చుంది. ప్లస్ తీగ బిగించాను. మైనస్ తీగ చేతిలోకి తీసుకుంటే దాని కొసన ఎర్ర ట్యాగు. మావయ్య పేరు, కింద హిందీలో ముట్టవద్దని. నా చెయ్యి ఆగిపోయింది. ఇంకా ఏమైందని మా ఆయన ముందు నుంచి అడిగారు.

అత్త ఖాళీ ఇంటికి తాళం వేసి వచ్చింది. ట్యాగుని చూసింది.

"ఉండమ్మా. పిలవాల కదేటి," అంది.

నేను పిలుస్తానన్నాను. అత్త తలూపలేదు. "నువ్వు కాదు. ఈ ఇంటికి పెద్దదాన్ని నాను." కొంగు తల మీదకి లాక్కుని, వ్యాను పక్కతలుపు తెరిచి లోపలి వైపు తిరిగి నిలబడింది. "పెళ్ళినాడు పాస్టరుగారు పలికిస్తే ఓపాలి పలికేను," అంది నా వైపు చూడకుండా. "మల్లీ ఇదే."

అప్పుడు పిలిచింది. ఆయన పేరు నేనిక్కడ రాయను. అది ఆవిడ పిలిచిన పిలుపు. సన్నగా మొదలైంది గాని, ఆఖరికి క్రేన్ మీదున్న మనిషికి వినబడేంత గట్టిగా వచ్చింది. ఎదురింటి వాకిట్లో గిన్నెలు తోముతున్న ఆమె చెయ్యి ఆపి చూసింది. ఎంతసేపు ఆగాలో ఆ నియమంలో ఉందో లేదో నాకు తెలియదు. అత్త చాలాసేపు ఆగింది. మా ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసేశారు. నాకు ఏడుపొచ్చేసింది. నిజంగా ఎవరైనా పలుకుతారేమోనని నేను చెవి పెట్టి విన్నాను.

తరవాత అత్త తన చేత్తోనే ట్యాగు విప్పి కొంగున ముడివేసుకుంది. నేను తీగ బిగించాను. అది తగిలీ తగలగానే లోపల గిర్రుమని చప్పుడు. మావయ్య బల్ల మీది ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. పోయిన వర్షాకాలంలో ఏదో మధ్యాహ్నం పడుకుని లేచి వెళ్తూ ఆయన స్విచ్చు ఆపలేదు. బ్యాటరీని తాగేసింది అదే. ఊరందరి కరెంటూ ఆపి ట్యాగులు కట్టిన మనిషి, తన ఫ్యాను ఆపడం మర్చిపోయారు.

ఇంజనుకి బలం చాలదు, ముందు దాన్ని ఆపమన్నారు మా ఆయన. నేను స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"తిరగనీ," అంది అత్త.

మా ఆయన తాళం తిప్పారు. ఇంజను మూలిగింది. మూలిగినంతసేపూ ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా అయ్యాయి. ఆగింది. మళ్ళీ తిప్పారు. ఈసారి ఫ్యాను పూర్తిగా నిలిచిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు బండి ఒక్కసారి ఊగి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. ఫ్యాను మళ్ళీ జోరు పట్టుకుంది.

ముందు సీట్లో కూర్చోమంటే అత్త కూర్చోలేదు. వెనక తన బల్ల మీద, దిండు సరిగ్గా బ్యాటరీ ఉన్న చోటే వేసుకుని పడుకుంది. దారిలో కుమ్హారి ఊరు దాటాక వెనక్కి తిరిగి చూశాను. దగ్గు లేదు. నిద్రపోతోందో, కళ్ళు మూసుకుందో గాని, ముఖం ఎదుటి బల్ల వైపుంది. అక్కడ ఎవరూ లేరు. ఫ్యాను గాలికి ఆయన దుప్పటి అంచు లేస్తూ, పడుతూ ఉంది.