నెవిల్ కట్టిన పాత పాట

మా తమ్ముడు నెవిల్ పుట్టడమే ఆలస్యంగా పుట్టాడని అమ్మ దెప్పేది. డెబ్బై తొమ్మిదిలో, ఇంగ్లండులోని మా ఊరు రోథర్‌హామ్‌లో కుర్రాళ్లంతా చిరిగిన చొక్కాలకి పిన్నీసులు గుచ్చుకుని పంక్ పాటలంటూ గొంతు చించుకుంటుంటే, వీడు సన్నటి టై కట్టి, జుట్టు నుదుటి మీదికి దువ్వి, పన్నెండు తీగల గిటారు మీద ముద్దుముద్దు ప్రేమపాటలు కట్టేవాడు. చిన్నప్పుడు నా రేడియో పక్కనే పడుకునేవాడు. అరవైల పాటలు వాడి ఒంటికి అలా పట్టేశాయి.

పగలు బస్సు డిపోలో మెకానిక్కు పని, సాయంత్రం ఇద్దరు స్నేహితులతో బ్యాండు. కుర్రకారేమో "తాతల బ్యాండు" అని వెక్కిరించేది. పెద్దవాళ్ల క్లబ్బుల్లోనేమో తెలిసిన పాటలే పాడాలి, నచ్చకపోతే సగంలో స్టేజీ దింపేసి ఇంటికి పంపేస్తారు. రెండు క్లబ్బుల్లో వీళ్లకి అదే మర్యాద జరిగింది.

"మూడోసారి కూడా దింపేస్తే నేను రాను బాబూ, నువ్వొక్కడివే వాయించుకో" అని డ్రమ్ములు వాయించే కీత్ తేల్చేశాడు. కీత్ పోతే బ్యాండు లేనట్టే.

మూడోది మా నాన్న వెళ్లే ఉక్కు కార్మికుల క్లబ్బు. అక్కడ పాటల పెత్తనమంతా హోరెస్‌ది.

"ఒరే అబ్బాయ్, పాత పాటలే! సొంత కవిత్వం వినిపించిందో, దింపేస్తా. ఎనిమిదింటికి హౌసీ ఆట. టికెట్ల మీద కొట్టుకోడానికి నంబర్లు పిలిచేటప్పుడు గిటారు టింగుమందా, జనం నిన్ను నమిలేస్తారు."

"అలాగే సార్" అన్నాడు మావాడు. అంత వినయంగా అన్నాడంటేనే నాకు అనుమానం వచ్చింది.

అనుకున్నంతా అయింది. మూడు పాత పాటలు పాడి, ఎవరికీ చెప్పకుండా సొంత పాట ఎత్తుకున్నాడు. కీత్ మొహం పాలిపోయింది. నేను హోరెస్ వైపు చూశాను. ఆయన కాలితో తాళం వేస్తున్నాడు! ముందు బల్ల దగ్గరి మిసెస్ హేగ్, మొగుడు పోయి ఏడాదైనా కాని మనిషి, చెల్లెల్ని లాక్కుని డాన్సుకి లేచింది. వెనకాలే జంటలు జంటలుగా లేచారు.

పాట అయ్యాక ఆవిడ కళ్లు తుడుచుకుంటూ స్టేజీ దగ్గరికొచ్చింది. "ఎన్నాళ్లైంది నాయనా ఈ పాట విని! మా పెళ్లిలో నేనూ ఆయనా దీనికే ఆడాం."

"పాటంటే ఇదీ! ఇప్పటివాళ్లకి వచ్చి చస్తుందా?" అన్నాడు హోరెస్.

నోరు మూసుకోరా అని నెవిల్‌ని కళ్లతోనే బతిమాలాను. వింటాడా? మైకు దగ్గరికెళ్లాడు.

"క్షమించండమ్మా. ఇది పాతది కాదు. మొన్న ఫిబ్రవరిలో, డిపోలో బస్సు కింద పడుకుని నేనే కట్టాను."

హోరెస్ మొహం కందగడ్డ అయింది. కీత్ అప్పటికే డ్రమ్ము కర్రలు సంచిలో పెట్టేస్తున్నాడు.

"మరి మా పెళ్లిలో దేనికి ఆడామే?" అని చెల్లెల్ని అడిగింది మిసెస్ హేగ్. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఏదైతేనేం. మళ్లీ పాడు నాయనా. ఆయన గుర్తొచ్చాడు."

"ఎనిమిదైంది తల్లీ, హౌసీ!" అన్నాడు హోరెస్.

"ఆగుతుందిలే, కూర్చో" అందావిడ.

ఐదారేళ్ల కిందటి కరెంటు కోతల చలికాలంలోనూ ఆపకుండా, కొవ్వొత్తులు పెట్టుకుని మరీ ఆడిన హౌసీ అది. అలాంటిది, ఒక్కొక్కరే నంబర్లు కొట్టే పెన్నులు బల్ల మీద పెట్టేశారు. హోరెస్ అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. నెవిల్ ఇంకా నమ్మలేక నిలబడే ఉన్నాడు. కీత్ సంచిలోంచి కర్రలు తీసి, వాడికంటే ముందే తాళం మొదలెట్టాడు.