బక్ఖాలీ దాకా ఇద్దరమే

మా ఇంట్లో తలుపు వేసుకోకూడదని ఎవరూ చెప్పలేదు. కానీ బెంగాల్లో, లిలువాలోని మా రైల్వే క్వార్టర్సులో ఏ తలుపైనా పూర్తిగా పడితే చాలు, "ఏటయింది?" అంటూ అవతలి నుంచి ఎవరో ఒకరు తట్టేవారు. అత్త, మామ, పెళ్లి కావలసిన ఆడపడుచు, ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష రాస్తూ ఉండే మరిది, ఆసుపత్రి పనంటూ ఊరి నుంచి వచ్చి నెలల తరబడి ఉండిపోయే చుట్టం ఒకరు. పెళ్లయి ఏళ్లు గడిచినా నేనూ మా ఆయనా ఇద్దరమే కూచుని ఒక్క పూట గడిపింది లేదు. మనిషి మంచివాడే. వర్క్‌షాపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, అందరితో కలిసి టీ తాగి, అందరితో కలిసి టీవీ చూసి, అందరితో కలిసి ఆవలించేవాడు. నాతో మాత్రమే ఉండాల్సి వస్తే ఈయన ఏం మాట్లాడతాడో నాకు తెలీదు. అసలేమీ మాట్లాడడేమోనని భయంగా కూడా ఉండేది. అది తేల్చుకోవడానికే నేను ఈ ప్రయాణం తలపెట్టాను.

వీపున సంచులు తగిలించుకుని దేశమంతా తిరిగే జంటల వీడియోలు వంట చేస్తూ ఫోన్లో చూసేదాన్ని. మాకు దేశమంతా అక్కర్లేదు, హుగ్లీ ఒడ్డున ఉన్న పాత ఊళ్లు చాలు. డెన్మార్కు వాళ్లు ఏలిన శ్రీరాంపూర్, ఫ్రెంచివాళ్ల చందన్‌నగర్, అక్కణ్ణించి కిందికి దిగి బడ్జ్ బడ్జ్ మీదుగా బక్ఖాలీ సముద్రం. లోకల్ రైళ్లు, బస్సులు, చవక లాడ్జీలు. మా ఆయన చాలాసేపు ఆలోచించి, "లాడ్జీలేటికి?" అన్నాడు. నేను చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బడాబజార్ ఫుట్‌పాత్ మీద రెండు సంచులు కొన్నాం. ఆయన సంచీ జిప్పు ఇల్లు చేరేలోపే ఊడిపోయింది. పాత లుంగీ అంచు చింపి దానికి నడికట్టు కట్టాడు.

బయల్దేరే పొద్దున మా అత్త ఆవకాయ డబ్బాతో గుమ్మంలో నిలబడింది.

"అటేపే ఎల్తన్నారు కదేటి! శ్రీరాంపూర్లో మీ మేనత్తకి ఇది ఇచ్చీసి ఎల్లండి. గుమ్మంలో నిలబడి ఇచ్చీడమే," అంది కొడుకుతో.

గుమ్మంలో నిలబడి ఇచ్చేసి వచ్చేసిన తెలుగువాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. శ్రీరాంపూర్లో రైలు దిగేసరికి ఆ మేనత్తే ప్లాట్‌ఫారం మీద ఎదురొచ్చింది. మేం ఏ రైల్లో వస్తున్నామో ఆవిడకి ఎలా తెలిసిందో! డెన్మార్కు వాళ్ల చర్చిని కదిలే టోటో రిక్షాలోంచి చూశాను. మిగతా రోజంతా అన్నం తిన్నాను. రాత్రి ఆడవాళ్లం లోపలి గదిలో, మగవాళ్లు వరండాలో పడుకున్నాం. ఆ దూరం లిలువాలో కంటే ఎక్కువ.

మర్నాడు పొద్దున ఆవకాయ డబ్బా తిరిగిచ్చారు. మనలో ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వరు కదా, అందుకని దాన్నిండా చేగోడీలు పోశారు. దాంతోపాటు చందన్‌నగర్లో ఉన్న చిన్నాన్న ఇంటికి ఒక ఎండుచేపల పొట్లం. జిప్పు లేని సంచీలో ఎండుచేపలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. లోకల్ రైల్లో మా ఎదుటి పెద్దమనిషి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "దాదా, ఎటా కీ?" అని, ఇదేమిటన్నట్టు సంచీ చూపించాడు.

"మాఛ్!" అన్నాడు మా ఆయన గర్వంగా.

చేప పేరు చెబితే లొట్టలేసే బెంగాలీ లేచి అవతలి తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు. అలా మాకు కిటికీ సీటు దొరికింది. ఈ ప్రయాణంలో నాకు దక్కిన మొదటి సుఖం అదే.

చందన్‌నగర్లో నది ఒడ్డు ఎంత బాగుంటుందని! సాయంత్రం దీపాలు వెలిగాయి, చల్లగా గాలి వీస్తోంది, బెంచీల మీద జంటలు ఒకరినొకరు ఆనుకుని కూచున్నారు. మా బెంచీ మీద మాత్రం మా ఇద్దరి మధ్యా చిన్నాన్న కూచున్నాడు. జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పటి సమ్మె కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆ గాలికి ఒళ్లు మరిచి పక్కకి వాలబోయి, చిన్నాన్న మీసాలు మరీ దగ్గరగా కనబడేసరికి గబుక్కున సర్దుకున్నాను.

అక్కడా డబ్బాలు నిండాయి. చేగోడీల డబ్బా ఖాళీ చేసి సున్నుండలు పెట్టారు. బడ్జ్ బడ్జ్‌లో ఉన్న పిన్నికి కొత్త చీరా, ఒక సీసా నెయ్యీ ఇచ్చారు. దిగే కొద్దీ సంచీ బరువు పెరుగుతోందే కానీ తగ్గడం లేదు. రైలెక్కాక నాకు ఒళ్లు మండిపోయింది.

"మనం ఊళ్లు చూడ్డానికొచ్చామా, పార్సిళ్లు పంచడానికొచ్చామా? అసలు మనం వస్తున్నట్టు వీళ్లందరికీ ఎవరు చెప్పారు?"

"అమ్మే సెప్పుంటాది," అన్నాడు ఆయన కిటికీలోంచి చూస్తూ.

మా అత్తని మనసులో ఆ రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ తిట్టుకున్నాను.

బడ్జ్ బడ్జ్‌లో ఆయన పిన్ని ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చీర ఇస్తే ఒళ్లో పెట్టుకుని నిమిరింది. బక్ఖాలీలో మనవాళ్లెవరూ లేరు కాబట్టి ఈవిడ ఇచ్చే పార్సిల్ ఏదీ ఉండదని నేను లోలోపల పండగ చేసుకుంటున్నాను. అప్పుడు ఆవిడ అంది:

"సముద్రానికేటి ఎల్తన్నారు? నానూ వొత్తానర్రా. సముద్రం సూసి ఎన్నాళ్లయిపోనాదో."

"రా పిన్నీ, దానికేటి!" అన్నాడు మా ఆయన వెంటనే. ఆ ముఖంలో ఎంత వెలుగో! పైగా ఆవిడ సంచీ సర్దడానికి లేచాడు కూడా.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగిలిన ఆ ఒక్క రోజూ పోతే మళ్లీ ఇంకెప్పుడూ దొరకదని తెలుసు. ఇలాంటప్పుడు కోడలు నవ్వి తలూపాలి. నేను తలూపలేదు.

"వద్దు పిన్నీ. మేమిద్దరమే వెళ్లాలని ఉంది," అన్నాను.

మా ఆయన ఆవిడ సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిన్ని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఒరే, పెళ్లాం నోరు తెరిసి అడిగితే గానీ తెలీదేట్రా నీకు? నన్ను రమ్మంతావా, ఎర్రి ఎదవా!"

అని, మా సంచుల్లోంచి డబ్బాలన్నీ తీసి తన వంటింట్లో పెట్టేసింది. "ఒచ్చినప్పుడు అట్టుకెల్దురు గానీ, బేగి ఎల్లండి, బస్సెల్లిపోతాది," అని గుమ్మం దాకా తోసింది. ఆవిడకి సముద్రం చూపించనందుకు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. అయినా మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతాను.

బక్ఖాలీ చేరేసరికి ఆటు వేళయి సముద్రం వెనక్కి వెళ్లిపోయి ఉంది. సరుగుడు చెట్లు దాటాక ఎంత దూరం చూసినా తడి ఇసకే, దాని మీద ఎర్రని చిన్న పీతలు. లాడ్జీలో సంచులు పడేసి వచ్చి ఇసకలో కూచున్నాం. ఇద్దరమే. ఇంత గొడవా దీనికోసమే కదా, ఇక మాట్లాడతాడని చూశాను. ఆయన పీతల్ని చూశాడు. నేనూ చూశాను. ఒక పీత బొరియలోకి దూరింది. ఇంకోటి బయటికొచ్చింది. ఎండ దిగిపోయింది. ఆయన ఇంకా పీతల్నే చూస్తున్నాడు. అయిపోయింది, నేను భయపడ్డదే నిజం, మా ఇద్దరి మధ్యా చెప్పుకోడానికి ఏమీ లేదు అనుకున్నాను.

"అందరికీ ఫోన్లు సేసింది అమ్మ కాదు. నానే," అన్నాడు ఆయన ఇసకలోకి చూస్తూ.

"మీరా? ఎందుకు?"

"నాకు మాటలు రావు కదా. ఇద్దరమే ఉంటే నీకు ఇసుగొచ్చీసి, ఇంతేనా ఈ మనిషి అనుకుంతావని భయమేసింది. ఎవులో ఒకలు పక్కనుంటే తెలీదు గదా అని..."

ఊరూరా మేం మోసిన పచ్చడీ, చేపలూ, నెయ్యీ అన్నీ ఈయన భయమేనా! నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. చెంగుతో ముక్కు తుడుచుకున్నాను. ఆయన కంగారుపడి లేవబోతే చెయ్యి పట్టి లాగి కూచోబెట్టాను.

"విసుగ్గానే ఉంది," అన్నాను. "లేవకండి. ఇంకాసేపు ఇలాగే విసిగించండి."